కుళ్లాయప్ప కారు ప్రాక్టీసు

“ఏమప్పా కుళ్లాయప్పా, ఈ పొద్దు రివర్సు నేర్పిస్తారంటనా?”

మారెప్ప టీ బంకులోంచి అరిచాడు. అరిచాడంటే కోపం కాదు. ఆయన గొంతు పుట్టడమే మైకుతో పుట్టింది. ధర్మవరంలో ఆ వీధి మగ్గాలన్నీ ఒక్కసారిగా ఆడుతున్నా, వాటి నెత్తి మీదుగా అవతలి వీధికి పోయి టీ అమ్ముకొచ్చే గొంతు అది.

గంగక్క గబుక్కున మొగుడి చెయ్యి వదిలేసి పక్కకు జరిగింది. పట్టుకుని నడిపిస్తున్నట్టు ఎవరికీ కనపడకూడదు. కుళ్లాయప్ప మాత్రం ఆ చేతిని అలాగే గాల్లో ఉంచి, దానికి రెండో చెయ్యి జతచేసి, స్టీరింగు తిప్పినట్టు తిప్పాడు.

“రివర్సు పోయిన వారమే అయిపాయ మారెప్పా. ఈ పొద్దు ఘాటు రోడ్డు.”

“ఒరెరెరె! అనంతపురంలో ఘాటు యాడుండాది?”

“మిరక్కాయ బజ్జీలో ఉండాది. నువ్వు చేసేదాంట్లో అదీ లేదు.”

బంకు ముందున్నవాళ్ళు టీ పొరబోయేలా నవ్వారు. ఆ నవ్వుల సందులో కుళ్లాయప్ప నాలుగడుగులు వేసి, కరెంటు స్తంభానికి ఆనుకుని, బస్సు కోసం చూస్తున్నట్టు నిలబడ్డాడు. ఆనుకోవడం దేనికో గంగక్కకు తెలుసు. ఆమె కూడా బస్సు కోసమే చూసింది, కొంచెం ఎక్కువగా.

అసలీ కారు ఎక్కడ పుట్టిందంటే, కుళాయి దగ్గర పుట్టింది. “వారం వారం ఇద్దరూ కలిసి యాడికి పోతాండారే?” అని ఎదురింటి మల్లీశ్వరి అడిగింది. గంగక్కకు అబద్ధం చెప్పడం చేతకాదు. నిజం చెప్పడానికేమో నోరు తిరగదు. డాక్టరమ్మ నేర్పిన ‘కైరోప్రాక్టిక్’ అనే మాటను ఆమె అప్పటికి నాలుగు రోజులుగా నాలుక మీద పెట్టుకుని బొబ్బట్టులా తట్టి చూస్తోంది. “ఏదో కైరో ప్రాక్టీసంటనే, అనంతపురంలో” అంది చివరకు. అదే క్షణంలో బిందె గొంతుదాకా నిండి గుబగుబలాడింది. మల్లీశ్వరి చెవిలో ‘కైరో’ మునిగి ‘కారు’ తేలింది.

“కారు ప్రాక్టీసా!” అని ఆమె నోరు తెరిచింది. తెరిచిన నోరు మళ్ళీ మూసేసరికి సాయంత్రమైంది. కుళాయి దగ్గర పుట్టిన మాట కుళ్లాయప్ప నెత్తిన పడింది. అరవయ్యేళ్ళ వయసులో, సైకిలు కూడా సరిగా తొక్కని మనిషి, కారు నేర్చుకుంటున్నాడట!

ఆ రాత్రి గంగక్క తలకొట్టుకుంటూ సంగతి చెబితే, కుళ్లాయప్ప నడుం రెండు చేతులా పట్టుకుని నవ్వాడు. నవ్వితే నొప్పి, నవ్వకపోతే ఉక్క.

“ఉండనీలే గంగా. రోగం కన్నా కారే మేలు. దానికి బ్రేకన్నా ఉంటాది.”

బస్సొచ్చింది. కుళ్లాయప్పకు డ్రైవరు వెనక సీటే కావాలి. నడుముకు అక్కడ కుదుపు తక్కువ. రెండో కారణం, సాయంత్రం బంకు దగ్గర జరిగే పరీక్షకు ఇక్కడే చదువుకోవాలి. డ్రైవరు ఏ కాలు ఎప్పుడు వేస్తున్నాడో ఆయన మెడ చాచి చూస్తుంటే గంగక్క కిటికీలోంచి చేలు చూసింది. శెనక్కాయ చెట్లు మొలిచి, జానెడు లేచి, ఇక లేవాలా వద్దా అని ఆగిపోయాయి. నల్లగా ఒక మబ్బొచ్చి కాసేపు నిలబడి, చుక్క రాల్చకుండా బెంగళూరు వైపు పోయింది. ఈ జిల్లాలో మబ్బులకు కూడా ప్రాక్టీసే తప్ప పని లేదు.

ఆమె చేతిసంచిలో మాత్రలున్నాయి, స్కానింగు ఫిల్ములున్నాయి, రెండు రాగిసంకటి ముద్దలున్నాయి. బరువెక్కువ సంకటిదే, అయినా ఆమె భుజం లాగుతున్నది ఫిల్ములు.

నడుం నొప్పి మగ్గమోళ్ళకు ఇంటిపేరు లాంటిది, ఎవరూ దాన్ని అడ్రసు అడగరు. పట్టు పనిలో నడుం పట్టేస్తే, దానికి ఆకుపసరు పట్టు వేసుకుని, పట్టు వదలకుండా మళ్ళీ పట్టు మీదే కూచోవడం కుళ్లాయప్పకు ముప్పయ్యేళ్ళ అలవాటు. ఈసారి పట్టు మాత్రం వదల్లేదు. ముదిగుబ్బలో ఉన్న కూతురు వచ్చి బలవంతంగా బెంగళూరు తీసుకెళ్తే అక్కడ పేరు తెలిసింది. క్యాన్సర్. పేరు చివరే ‘సర్’ పెట్టుకుని, పిలవకుండా వచ్చి, కూచోమనకుండానే కూచునే పెద్దమనిషి. పొత్తికడుపు కింద పుట్టి, వెన్నుపూసలు పట్టుకుని నిచ్చెనెక్కినట్టు ఎక్కుతున్నాడు. సూదులేశారు. నడుముకు రేడియేషను, అదే కరెంటు, పెట్టారు. “సూడు గంగా, మగ్గానికి కరెంటు పెట్టించుకోరా అని లోకమంతా చెప్తే ఇంటినా? ఇప్పుడు నాకే పెట్టినారు” అని కుళ్లాయప్ప ఆ బల్ల మీద పడుకునే అన్నాడట.

కరెంటుతో కొంత తగ్గింది. మిగిలినదానికి మాత్రలిచ్చారు. కానీ మాత్ర వేసుకున్నంత మాత్రాన అయిపోలేదు. నొప్పికి బెదిరి చుట్టుపక్కల కండలన్నీ రాళ్ళలా బిగుసుకున్నాయి. కూచుంటే లేవలేడు, లేస్తే కూచోలేడు. అప్పుడు బెంగళూరు పెద్ద డాక్టరే చెప్పాడు: అనంతపురంలో సోమవారం సోమవారం ఒకమ్మాయి చూస్తుంది, మాత్రలు మానకుండా దానికి తోడుగా ఇది కూడా చేయించుకో, నేను ఫోన్లో మాట్లాడతాను అని.

ఇదంతా వీధికి చెబితే ఏమవుతుంది? జాలి పడతారు. కుళ్లాయప్ప జాలికి భయపడలేదు. ఆయన భయం వేరే.

ఆయన పని అచ్చు అతకడం. మగ్గం మీద ఒక పడుగు నేసి అయిపోయాక, దాని కొసలకు కొత్త పడుగు పోగుల్ని ఒక్కొక్కటిగా మెలేసి కలపాలి. వేల పోగులు. ఒక్కటి తప్పినా చీరలో గీత పడుతుంది. గంగక్క ఎదురుగా కూచుని పోగు విడదీసి అందిస్తుంది, ఆయన మెలేస్తాడు. ఆయన అచ్చయితే ఆమె హల్లు, ఇద్దరూ కలిస్తేనే గుణింతం. ఆ వీధిలో పుట్టిన ప్రతి చీరా మొదట ఆ నాలుగు చేతుల్లోంచే పోవాలి. అందుకే నేతగాళ్ళకొక పట్టింపుంది. అచ్చు అతికే చెయ్యి అచ్చొచ్చిన చెయ్యి కావాలి. పెళ్ళి పీటల మీదకు పోయే పట్టు, దాని మొదటి ముడి కీడు చేత్తో పడకూడదు. ఒకప్పుడు లక్ష్మన్న అనే అతుకుడు పనివాడికి క్షయ వచ్చిందని తెలిసిన మర్నాటి నుంచీ ఒక్క ఇంటివాళ్ళూ పిలవలేదు. తిట్టలేదు, తరమలేదు, ఉత్తినే పిలవడం మానేశారు. రోగం చంపేలోపే ఆ నిశ్శబ్దం లక్ష్మన్నను చంపింది. అది గంగక్క కళ్ళారా చూసింది.

కుళ్లాయప్పకు ఇక ఎక్కువ రోజులు అక్కర్లేదు. పిలుపు కావాలి. చేతుల్లో బలమున్నన్నాళ్ళూ ఎవరో ఒకరు వాకిట్లో నిలబడి “అన్నా, పడుగొచ్చినాది, రాప్పా” అనాలి. అంతే. ఆ ఒక్క పిలుపు కోసం అబద్ధం చేతకాని గంగక్క కారెక్కింది.

చేత్తో కండలూ కీళ్ళూ సవరించే ఆ కైరోప్రాక్టిక్ డాక్టరమ్మ, నందిని, గోరంట్ల పిల్ల. ఎక్కడెక్కడో చదివొచ్చినా నాలుక గోరంట్ల పొలిమేర దాటలేదు. మొదటిరోజు కుళ్లాయప్ప ఆమె దగ్గర పెద్ద ఆశతో పడుకున్నాడు. మంగలి మెడ విరిస్తే టప్ అన్నట్టు, వెన్నెముక పొడుగునా టపటపమని సీమటపాకాయలు పేలతాయనుకున్నాడు. నందిని మాత్రం ఫిల్ములు దీపానికి పట్టి చాలాసేపు చూసి, పెద్ద డాక్టరుతో ఫోన్లో మాట్లాడి, చేతులు కడుక్కుని వచ్చి, ఆయన భుజాల మీద తమలపాకు పెట్టినంత మెల్లగా చెయ్యి పెట్టింది.

“ఒక్క టప్పన్నా అనిపించమ్మా. ఇంత దూరం వచ్చినాం” అని బతిమాలాడు.

“అనిపిస్తే నీ ఎముక అంటాది పెదనాయనా, నేను కాదు. అది నానిన పట్టుపోగు మాదిరి ఉండాది. గుంజితే తెగుతాది. ఆ పూసల జోలికే నేను పోను. చుట్టూ ఉండే బిగి తీస్తా.”

బిగి అన్న మాటతో కుళ్లాయప్ప లొంగిపోయాడు. పడుగు బిగి ఎక్కువైతే ఏమవుతుందో ఆయనకు ఎవరూ చెప్పక్కర్లేదు.

“జబ్బు తగ్గుతాదామ్మా?” అని గంగక్క అప్పుడే అడిగేసింది.

“తగ్గదు పెద్దమ్మా. నా చేత్తో అది కాదు. నొప్పి కొంచెం తగ్గితే నిద్ర వస్తాది, కూచోడానికైతాది. అంతవరకే నేను.”

అంతవరకే అని చెప్పినందుకే గంగక్కకు ఆ పిల్ల మీద నమ్మకం కుదిరింది.

ఈ సోమవారం కూడా అదే బల్ల. తల పెట్టే చోట దానికొక రంధ్రం ఉంటుంది. బోర్లా పడుకున్న కుళ్లాయప్ప ముఖం ఆ రంధ్రంలోంచి కిందికి చూస్తుంటుంది. గంగక్కకు కుర్చీ వేసినా కూచోదు. బల్ల కింద నేల మీద చతికిలబడి, తలెత్తి ఆ ముఖాన్నే చూస్తుంది. ఎవరైనా గది తలుపు తీస్తే, ఒకామె బల్ల కిందకు దూరి దేవుడితో మాట్లాడుతోందనుకుంటారు.

నందిని చేతులు తుంటి దగ్గర, పక్కటెముకల దగ్గర, మెడ కింద, ఒక్కోచోట ఆగి, వేచి, మళ్ళీ కదిలాయి. మెల్లగా ఒక కాలిని ఎత్తి పట్టుకుని ఊపకుండా ఊపింది. కుళ్లాయప్ప ముఖంలో నుదుటి గీతలు ఒక్కొక్కటే విడిపోతుంటే గంగక్క కిందనుంచి చూసింది, చిక్కుపడిన నూలుకండె విడిపోయినట్టు.

“గంగా.”

“ఆఁ.”

“నీ ముక్కుపుడక వంకరగా ఉండాది.”

“ముప్పయ్యేండ్లకు చూసినావా! గమ్మున పండుకో.”

కాసేపటికి రంధ్రంలోంచి గురక వినిపించింది. నందిని చెయ్యి తీయకుండా నవ్వింది. గంగక్క ఆ గురకను వానచప్పుడు విన్నట్టు విన్నది. పోయిన నాలుగు రాత్రులూ ఆ మనిషికి నిద్ర లేదు, ఆమెకూ లేదు.

వెళ్ళేముందు నందిని తుంటి కింద పెట్టుకునే ఏటవాలు దిండొకటి ఇచ్చి, కూచునేటప్పుడు ఎలా కూచోవాలో చూపించింది. “పని ఉన్న రోజు మధ్య మధ్య లెయ్యాల పెదనాయనా. నొప్పి ఉన్నట్టుండి ఎక్కువైనా, కాళ్ళు తిమ్మిరెక్కినా నా దగ్గరికి కాదు, నేరుగా పెద్దాసుపత్రికి పోవాల. పెద్దమ్మా, విన్నావు కదా?”

మధ్యాహ్నం ఇంటికి చేరేసరికి వాకిట్లో మల్లీశ్వరి నిలబడి ఉంది.

“అన్నా, పడుగొచ్చినాది, రాప్పా! లగ్గాల చీర. వేరేవాళ్ళను పిలుద్దామని మా ఆయనంటే నేను ఒప్పుకోలేదు. నీది అచ్చొచ్చిన చెయ్యి.”

కుళ్లాయప్ప గంగక్క వైపు చూశాడు. పిల్లవాడికి బొమ్మ దొరికినప్పటి చూపది. గంగక్క గుండెలో మాత్రం ఒక పోగు పుటుక్కుమంది. అచ్చొచ్చిన చెయ్యి. ఆ చేతి వెనక ఏ రోగం కాపురం ఉంటోందో తెలిస్తే ఈ పిల్ల ఏమంటుంది?

మల్లీశ్వరి ఇంట్లో గుంటమగ్గం. గుంట గట్టు మీద కూచుని కాళ్ళు లోపలికి వేలాడేసి, ముందుకు వంగి పని చేయాలి. కుళ్లాయప్ప దిండు వేసుకున్నాడు. “ఇదేందన్నా?” అంటే, “కారు సీటు. అలవాటు కావాలంట” అన్నాడు. మల్లీశ్వరి నమ్మింది. ఆ వీధిలో కారు పేరు చెబితే ఏదైనా నమ్మే రోజులవి.

మెలి జారకుండా వేళ్ళకు బూడిద అద్దుకున్నాడు. గంగక్క పోగు అందించింది. మెలి. పోగు. మెలి. పోగు. మాటల్లేవు. పెళ్ళయిన కొత్తలో వీళ్ళిద్దరికీ మాట్లాడుకోవడానికి సిగ్గుగా ఉండేది. మామ ముందు, అత్త ముందు, పరాయి ఇళ్ళలో పని. అప్పుడు వేళ్ళే మాట్లాడుకున్నాయి. పోగు అందిస్తున్నప్పుడు ఆయన వేలు ఒక్క రవ్వ ఎక్కువసేపు తగిలితే ‘అన్నం తిన్నావా’ అని. చటుక్కున లాక్కుంటే ‘కోపంగా ఉన్నా’ అని. కూతురు కడుపున పడిందన్న కబురు కూడా ఆమె ఒక ఎర్రపోగు అందించేటప్పుడు ఆయన బొటనవేలు నొక్కే చెప్పింది. ఆయన ఆరోజు మూడు పోగులు తప్పు మెలేసి తిట్లు తిన్నాడు. ఎన్ని వందల చీరలకు మొదలు పెట్టారో, వాటిల్లో ఒక్కటీ గంగక్క కట్టలేదు. అడిగితే కుళ్లాయప్ప “నువ్వు కట్టేదేముందిలే, నువ్వు లేకుండా ఎవరన్నా కట్టమను చూద్దాం” అనేవాడు.

ఇప్పుడా వేలు ఆమె వేలి మీద ఆగింది. పోగు అందుకోలేదు. ‘నొప్పి మొదలైంది’ అని.

“మల్లీ, టీ పెట్టవే. మీ అన్నకు గొంతెండిపోతాంది” అంది గంగక్క. మల్లీశ్వరి లోపలికి పోగానే చెయ్యిచ్చి లేపింది. ఆయన గోడ పట్టుకుని నిలబడి, డాక్టరమ్మ చెప్పినట్టు ఊపిరి తీసి వదిలి, మళ్ళీ కూచున్నాడు. అలా ఎన్నిసార్లు టీ తాగారో! చివరకు మల్లీశ్వరి “అన్నా, నీకు అచ్చు అతకడానికి పోగుల కన్నా టీ ఎక్కువ పడతాంది” అంది.

పొద్దు వాలుతుండగా చివరి పోగు పడింది. కుళ్లాయప్ప అరచేత్తో అతుకుల వరస మీద ఒకసారి నిమిరాడు.

బయట హారన్ మోగింది. ఒకసారి కాదు, పెళ్ళిమేళంలా. చీరలు షాపులకు తోలే ఓబుళేసు ఎక్కడో పాతవ్యాను కొన్నాడు. దానికి హారన్ తప్ప మిగతావన్నీ మూలుగుతాయి. వ్యాను వెనక మారెప్ప, మారెప్ప వెనక సగం వీధి.

“రాన్నా, ఎక్కు! ఇన్ని వారాలు ప్రాక్టీసు చేసినావు, ఈ పొద్దు తోలాల్సిందే.”

గంగక్క అడ్డమొచ్చింది. “మామా, వద్దు. అలిసిపోయినావు” అంది.

“అలిసిపోయినోళ్ళకే కదా వదినా బండి!” అన్నాడు ఓబుళేసు.

“ముందు నేనొకటడుగుతా” మారెప్ప గొంతెత్తాడు. “క్లచ్చి అంటే ఏందప్పా?”

“మగ్గం తొక్కుడుచెక్క లేదా? అదే. ఎడమకాలు తొక్కితే దారి తెరుచుకుంటాది, వదిలితే పట్టుకుంటాది. ఒకేసారి వదిలినావనుకో, పోగులన్నీ తెగి చేతికొస్తాయి.”

ఓబుళేసు నోరు తెరిచాడు. వ్యాను తోలేవాడికి కూడా అంత బాగా ఎవరూ చెప్పలేదు.

కుళ్లాయప్ప తలుపు పట్టుకుని మెల్లగా ఎక్కాడు. ఓబుళేసు సీటు కింద ఏదో లాగి వెనక్కి జరిపి, వీపుకు ఆనేలా సరిచేశాడు. కుళ్లాయప్ప వెనక్కి వాలాడు. వాలి, “ఆహా” అన్నాడు. గట్టిగా కాదు. గంగక్క ఒక్కతే విన్నది.

“తాళంచెవి నీ దగ్గరే పెట్టుకో ఓబుళేసూ. మగ్గమెక్కిన తొలిరోజే ఎవరన్నా పోగు తోలే నాడె చేతికిస్తారా? ముందు బండి నాకు అలవాటు కావాల, నేను బండికి అలవాటు కావాల. ఉత్తగా కూచుంటా.”

వీధి కాసేపు చూసింది. ఇంజను లేని డ్రైవింగు చూడటానికి ఎవరికి ఓపిక? ఒక్కొక్కరే జారుకున్నారు. ఓబుళేసు కూడా టీకి పోయాడు.

“ఎక్కు గంగా. యాడికి పోదాం?”

గంగక్క అటువైపు నుంచి ఎక్కి పక్క సీట్లో కూచుంది. “లేపాక్షికి తోలు. బసవన్నను చూసి ఎన్నేండ్లాయ.”

ఆయన ఎడమకాలు తొక్కాడు, కుడికాలు తొక్కాడు, స్టీరింగు తిప్పాడు. గోరంట్ల దగ్గర గొర్రెల మంద అడ్డమొస్తే హారన్ కొట్టాడు. హారన్ మాత్రం నిజంగానే మోగింది. లేపాక్షిలో బండి ఆపి రాతిబసవన్నను చూశారు. “నన్నేల చూస్తావు, ఆయన్ను చూడు” అన్నాడు కుళ్లాయప్ప. “ఇన్నేండ్లు అట్లే కూచున్నాడు. నడుం నొప్పని ఒక్కనాడన్నా అన్న్యాడా?” గంగక్క నవ్వింది. నవ్వుతూనే చూసింది. ఆయన నడుం నిటారుగా ఉంది. పెళ్ళినాటి కుళ్లాయప్ప ఎంత పొడుగో ఆమె మరిచేపోయింది.

తిరుగు దారిలో ఆయన అన్నాడు: “నేను పోయినాక చెప్పెయ్యి గంగా. అందరికీ. అబద్ధంతో అతికితే నిలవదు. ఉన్నన్నాళ్ళు మాత్రం కారే ఉండనీ.”

“చెప్పినాక మల్లీ చీరను బయట పారేస్తేనో?”

ఆయన బ్రేకు తొక్కాడు. స్టీరింగు మీద చేతులు పెట్టుకుని, ఎదురుగా మారెప్ప బంకును ఎంతో దూరాన ఉన్న ఊరిలా చూశాడు.

తర్వాత సోమవారాలు ఎన్నో మిగల్లేదు. అనంతపురం ప్రయాణం బరువయ్యాక నందిని ఫోన్లోనే గంగక్కకు చెప్పేది, ఏ పక్కకు ఎలా తిప్పాలో, ఎక్కడ చెయ్యి పెట్టి ఊరికే ఉండాలో. బెంగళూరు డాక్టరు మాత్రలు మార్చాడు. వీధికి “లైసెన్సు పరీక్షకు చదువుకుంటాండాడు” అని చెప్పారు. ఒక పొద్దున ఎదురింట్లో మల్లీశ్వరి మగ్గం చప్పుడు మొదలైంది. కుళ్లాయప్ప పక్కకు తిరిగి పడుకుని ఆ చప్పుడు వింటున్నాడు. గంగక్క మాత్రా నీళ్ళూ తెచ్చింది. తెచ్చేలోపు ఆయన మాత్ర అక్కర్లేని మనిషయ్యాడు. గుండె ఆగిందని వీధి అనుకుంది.

మూడోనాడు, బంధువులు ముదిగుబ్బ బస్సుకు పోయాక, వాకిట్లో ఒక కారు ఆగింది. చిన్న ఎర్రకారు. తోలుకుంటూ వచ్చింది ఒక ఆడమనిషి, ఒక్కతే.

“ఇదిగో, కారు నేర్పే టీచరమ్మ వచ్చినాది” అని మారెప్ప గుసగుసలాడాడు. మారెప్ప గుసగుస మూడిళ్ళకు వినిపించింది. మల్లీశ్వరి మగ్గం దిగి వచ్చింది, ఓబుళేసు వచ్చాడు, వీధంతా వచ్చింది.

నందిని చెప్పులు విడిచి లోపలికి రాబోతుంటే మారెప్ప చేతులు జోడించాడు. “అమ్మా, మావాడు ఎట్ల నేర్చుకున్న్యాడు? ఘాటు రోడ్డు వచ్చినాదా?”

“ఘాటు రోడ్డేంది?”

“కారమ్మా. వారం వారం నీ దగ్గర కారు ప్రాక్టీసుకు వచ్చె కదా?”

నందిని అయోమయంగా గంగక్క వైపు చూసింది. గంగక్క గుమ్మం పట్టుకుని లేచింది. వీధంతా ఉంది. మల్లీశ్వరి కూడా ఉంది. చేతులకు పట్టునూలు అంటుకుని ఉంది.

“కారు కాదన్నా” అంది గంగక్క. “కైరో. కైరోప్రాక్టిక్.” నోరు మొదటిసారి తడబడలేదు. “ఈయమ్మ డాక్టరు. ఆయనకు క్యాన్సరు, ఎముకల్లోకి ఎక్కినాది. ఈయమ్మ చెయ్యి పెడితే కొంచెం నొప్పి తగ్గి కూచునేటోడు. ఆ పొద్దు కుళాయి కాడ మల్లీకి నేను చెప్పింది అదే. బిందె చప్పుడుకు దానికి కారని ఇనపడినాది. మేం సరిజేయలేదు. తెలిస్తే మీరు ఆ చేత్తో అచ్చు అతికించుకోరని.” ఆమె మల్లీశ్వరి వైపు తిరిగింది. “నీ లగ్గాల చీర కూడా ఆ చేత్తోనే మొదలాయ. నీకేం చెయ్యాలనిపిస్తే అది చెయ్యి తల్లీ.”

మల్లీశ్వరి ఉన్నట్టుండి మీదికొచ్చి గంగక్క భుజం మీద ఒకటేసింది.

“పాపిష్టిదానా! అంత నొప్పిలో నేనాయన్ని ఆ గుంటగట్టు మీద కూచోబెట్టినానా? పొద్దు గూకేదాంకా? టీ తాగితివని ఎగతాళి కూడా చేస్తినే! నాకొక మాట చెప్పింటే పరుపేస్తుంటి కదే, మనిసికి మంచమేసి దాని మీద పండబెట్టి అతికిస్తుంటి కదే!” పట్టునూలు అంటిన చేతులు చాచి చూపించింది. “ఒక్క పోగు తెగలేదు తెలుసునా? ఇంతవరకు ఒక్కటి తెగలేదు.”

అంటూనే గంగక్కను పట్టుకుని ఏడ్చింది. గంగక్క మూడు రోజులుగా ఆపుకున్నది అప్పుడు ఏడ్చింది.

“నేనొకణ్ణి, దినామూ రివర్సు రివర్సని…” అన్నాడు మారెప్ప. ఆయన గొంతు పక్కింటికి కూడా వినపడనంత చిన్నగా రావడం వీధి ఎన్నడూ ఎరగదు. వెనక ఎవరో “మరి క్లచ్చి గురించి అంత బాగా ఎట్ల చెప్పె?” అని అడిగారు. “మగ్గం గురించి చెప్పినాడు లేరా” అన్నారు ఇంకెవరో. ముందు ఒకరు, తర్వాత ఇద్దరు, ఏడుస్తున్నవాళ్ళు కూడా, నవ్వారు. నందిని కళ్ళు తుడుచుకుంటూ, “నాకు రివర్సు సరిగ్గా రాదు పెద్దమ్మా. ఈ సందులోంచి బండి ఎట్ల తియ్యాలో నాకే తెలీదు” అంది.

ఓబుళేసు అంతసేపూ ఒక చెయ్యి వీపు వెనక పెట్టుకుని నిలబడ్డాడు. గంగక్క చూసింది.

“ఏందప్పా అది?”

“ఏం లేదులే వదినా.” తప్పదని ముందుకు తీశాడు. చీరలు పెట్టే అట్టపెట్టె మూత. దాని మీద ఎర్రరంగుతో పెద్ద ఇంగ్లీషక్షరం. “అన్న రోడ్డెక్కే రోజు బండికి ఈ ‘ఎల్’ కట్టాలని రాసి పెట్టుకున్న్యా. ఈ పొద్దు తెచ్చి ఈడ పెట్టిపోదామని…”

“ఎల్ అంటే ఏంది?” అని అడిగింది గంగక్క.

“ఇంకా నేర్చుకుంటాండాడని.”

“ఇప్పుడైతే ఎలబారినాడని, దారి పట్టినాడని” అన్నాడు మారెప్ప, మెల్లగా.

గంగక్క ఆ అట్టను అందుకుని, కుళ్లాయప్ప కూచునే మూల గోడకు ఆనించి పెట్టింది. ఎర్రటి ఆ ఒక్క అక్షరం, నడుం నిటారుగా నిలబెట్టి, కాళ్ళు బారజాపుకుని, హాయిగా కూచున్న మనిషిలా ఉంది.